తాళాల తాత అంగడి

ఎర్రగడ్డ ఆదివారం అంగడి తెలియని హైదరాబాదీ తక్కువ. పాత చెప్పులు, పనిచేసే రేడియోలు, పనిచేయని రేడియోలు, మోటార్లు, పానాలు, ఏ ఇంట్లోంచి వచ్చాయో అడగకూడని కుళాయిలు, అన్నీ రోడ్డు పక్కనే. ఆ అంగట్లో వెనకటికి ఒక తాత ఉండేవాడు. నిజంగా ఉన్నాడా అని వెతక్కండి, ఇది కథ.

తాత పాత తాళాలు అమ్మేవాడు. మొదట్లో ఒక గోనెపట్టా, దాని మీద ఇరవై తాళాలు, పెద్ద ఇనప రింగుకు గుచ్చిన తాళంచెవుల గుత్తి, అంతే ఆయన ఆస్తి. ఏ తాళానికి ఏ చెవి పడుతుందో చూడకుండానే చెప్పేవాడు. తెల్లవారుజాము నాలుగింటికే వచ్చి పట్టా పరిచేవాడు కనుక మంచి చోటు ఆయనదే అయ్యేది. పక్కవాడు ఒక వారం రాకపోతే ఆ చోట్లో కూడా తన సరుకు పెట్టేవాడు. వాడు తిరిగొచ్చి కొట్లాడితే జరిగేవాడు, కొట్లాడకపోతే జరిగేవాడు కాదు. ఇలా పదేళ్లు గడిచేసరికి గల్లీ మొదలు నుంచి కరెంటు స్తంభం దాకా తాతదే. ఎవరూ రాసివ్వలేదు. కాని జనం దాన్ని తాళాల తాత అంగడి అనడం మొదలుపెట్టాక రాతకోతలతో పనేముంది?

సరుకు పెరిగింది. తాళాల పక్కన చెప్పులు, చెప్పుల పక్కన పానాలు, చివర్న రేడియోలు. ఈ కొసన కూర్చుంటే ఆ కొస కనపడదు. ఎవడో రెండు రేడియోలు ఎత్తుకుపోతే తాతకు సాయంత్రం దాకా తెలియలేదు. అప్పుడు మనుషుల్ని పెట్టాడు. చెప్పుల దగ్గర తన అన్న కొడుకు. పానాల దగ్గర తెలిసినవాళ్ల పిల్లవాడు. రేడియోల దగ్గర, ఎప్పట్నుంచో తన మూటలు మోస్తున్న ఒక పిల్లగాడు.

మొదటి రోజుల్లో పద్ధతి గట్టిగానే ఉండేది. చీకటి పడ్డాక ముగ్గురూ వచ్చి తాత పట్టా మీద పైసలు కుమ్మరించేవాళ్లు. తాత లెక్కపెట్టి, దారంతో కట్టిన పెన్సిలుతో పుస్తకంలో రాసుకుని, ఎవరి కూలి వాళ్లకిచ్చేవాడు. లెక్క తప్పితే తిట్టేవాడు. ఒక్కోసారి తానే తప్పు లెక్కపెట్టి కూడా తిట్టేవాడు.

వయసు మీద పడింది. రాత్రి పది దాటినా లెక్కలు తేలేవి కావు. ఒక ఆదివారం తాతే అన్నాడు:

"ఇగో పోరగాండ్లు, వారం వారం ఈ లెక్కలు జూసుడు నాతోని కాదు. ఒక్కొక్కడు ఆదివారానికి ఐదు నూర్లు ఇయ్యిండ్రి. మిగిల్తె మీది, తగ్గినా మీదే."

ముగ్గురూ సంతోషపడ్డారు. నిజం చెప్పాలంటే అందరికంటే ఎక్కువ సంతోషపడింది తాతే. కష్టపడకుండా, నమ్మకంగా, ప్రతి వారం పదిహేను నూర్లు. పుస్తకం అటకెక్కింది. తాత ఒక ప్లాస్టిక్ కుర్చీ కొనుక్కున్నాడు. ఇరానీ చాయ్ తెప్పించుకుని తాగుతూ కూర్చుంటే, వచ్చేపోయేవాళ్లు సలాం కొట్టేవాళ్లు. తాత అంగడి ఎంత పెద్దదో అని జనం అనుకున్న రోజులు అవే.

గుత్త మొదలయ్యాక రేడియోల పిల్లగాడికి బుర్ర పనిచేయడం మొదలైంది. పాడైన రేడియోలు బాగుచేయడం నేర్చుకున్నాడు. రెండు నూర్లది ఆరు నూర్లకు అమ్మేవాడు. పాత మిక్సీలు తెచ్చాడు, టేప్ రికార్డర్లు తెచ్చాడు. కాని తాతకు పాత అలవాటు పోలేదు. చాయ్ తాగి అటు నడిచి, వాడి గిరాకితో తానే బేరం చేసి, నూటయాభైకి ఇచ్చేసేవాడు.

"తాతా, నువ్వు నా దిక్కొచ్చి రేట్లు జెప్తె నన్నెవడు లెక్కజేస్తడు?"

"అయితె ఏం జెయ్యాల్నంటవ్?"

"నా దిక్కు రాకు. నా సంచులిప్పకు. ఎవడు కొన్నడు, ఎంతకు కొన్నడు అడుగకు. నీ గుత్త నీకు ముట్టుతది."

మామూలు రోజైతే తాత చెయ్యెత్తేవాడు. కాని మనవరాలి పెళ్లి దగ్గరపడింది. ఏడాది గుత్త ముందే ఇస్తానన్నాడు పిల్లగాడు. తాత పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, అడిగిన మూడు మాటలూ రాసి వేలిముద్ర వేసి ఇచ్చాడు. పెళ్లి ఘనంగా జరిగింది. పిల్లగాడు ఆ కాగితాన్ని మడిచి, తన గల్లాపెట్టె అడుగున పెట్టుకున్నాడు. మర్నాడే ఒక కాంటా కొన్నాడు, మూటలు మోయడానికి ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నాడు.

ఆ తర్వాత కష్టకాలం వచ్చింది. అవతలి రోడ్డు నుంచి ఒక ముఠా వచ్చి, ఒక ఆదివారం తెల్లవారకముందే తాత చోటంతా ఆక్రమించింది. తాళాలు మోరీలో పడేశారు. కుర్చీ విరిచారు. అయిపోయింది తాత పని అనుకున్నారందరూ. నాలుగు వారాలు తాత ఇంట్లోనే కూర్చున్నాడు. ఐదో వారం అన్న కొడుకు, పానాలవాడు, రేడియోల పిల్లగాడు, వాళ్ల కుర్రాళ్లు అందరూ కలిసి రాత్రి రెండింటికే వచ్చి చోటు పట్టుకున్నారు. తాతకు కొత్త కుర్చీ వేశారు. మోరీలోంచి తాళాలు తీసి కడిగి పెట్టారు. తాత కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, ఇంత మంచి పిల్లలు ఎవరికుంటారని అందరికీ చెప్పుకున్నాడు.

పిల్లలు మంచివాళ్లే. కథలో దొంగలెవరూ లేరు.

మెట్రో పిల్లర్ల కోసం రోడ్డు తవ్విన రోజులొచ్చాయి. దుమ్ము, డబ్బాల అడ్డుగోడలు, గిరాకి లేదు. గుత్త ఒక వారం ఆలస్యమైంది, తర్వాత సగమే వచ్చింది, తర్వాత రాలేదు. తాత లేచి రేడియోల దిక్కు నడిచాడు. ఆ దిక్కుకు వెళ్లక ఎన్నాళ్లయిందో. పట్టాల మీద ఏవేవో సామాన్లు, కొన్ని పేర్లే తెలియవు. వాటి మధ్య ఒక పాత ఇత్తడి తాళం కనపడింది, తన సరుకే, ఎలా వచ్చిందో అక్కడికి వచ్చింది. వంగి చేతిలోకి తీసుకున్నాడు.

"ముట్టకు తాతా. కొంటవా?" అన్నాడు కుర్రాడు. వాడికి ఈ తాత ఎవరో తెలియదు.

"ఎంత?"

"నూటిరవై."

తాత అలవాటు కొద్దీ బేరమాడాడు. కుర్రాడు పది తగ్గించాడు. అంతలో రేడియోల పిల్లగాడు, ఇప్పుడు పిల్లగాడేం కాదు, మీసాలున్న మనిషి, పరుగున వచ్చి "తాతా, వచ్చే వారం ఇస్త" అంటూ తాళం చేతిలో పెట్టాడు. పైసలు వద్దన్నాడు.

వచ్చే వారం కూడా ఇవ్వలేదు. తాత అడగలేదు. ఉగాది నాటికి జనం ఆ చోటును రేడియో అన్న అంగడి అంటున్నారు. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు, ఎవరూ ఎవర్నీ వెళ్లగొట్టలేదు. రేడియో అన్న తాతకు స్తంభం పక్కన ఒక పట్టా అంత చోటు ఉంచాడు. "నీకు తోచింది ఇయ్యి తాతా" అన్నాడు.

ఒక సాయంత్రం తాత తన ఇరవై తాళాలు సర్దుకుంటుంటే పక్కన మాటలు వినపడ్డాయి. ఆ కుర్రాడే.

"అన్నా, వారం వారం లెక్కలు జూసుడు నీకు తక్లీఫ్ గద. ఆదివారానికి ఇంత అని ఒక మాటనుకుందమా?"

రేడియో అన్న ఆలోచనలో పడ్డాడు. తాత ఏదో చెప్పబోయాడు. అప్పుడే ఒకామె బీరువా చెవి పోయిందంటూ వచ్చి నిలబడింది. తాత గుత్తి తీసుకుని వెతకడంలో పడిపోయాడు.

నీతి: కొల్లగొట్టినవాడి దగ్గర్నుంచి రాజ్యాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు. నీ దిక్కు రాను, నీ లెక్క అడగను అని మాటిచ్చినవాడి దగ్గర్నుంచి తెచ్చుకోవడం మహా కష్టం.

ఇది అంగడి నీతి అనుకోకండి. దక్కను రాజ్యాల చరిత్ర తిరగేస్తే తాతలాంటి వాళ్లే వరసగా కనపడతారు.

శాతవాహనులనే చూడండి. పశ్చిమ దక్కనులో శక రాజు నహపాణుడు వాళ్ల భూమి కాజేశాడు. మోరీలో తాళాలు పడేసినంత పని. గౌతమీపుత్ర శాతకర్ణి దాన్ని తిరిగి గెలుచుకున్నాడు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌థంబిలో 13,000 పైచిలుకు వెండి నాణేలు దొరికాయి. అన్నీ నహపాణుడివే, కాని వాటిలో దాదాపు మూడింట రెండు వంతుల మీద శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు. శత్రువు సొమ్మును కరిగించే ఓపిక కూడా లేకుండా దాని మీదే తన పేరు వేసుకున్న రాజు! అంతటి రాజు నాసిక్ గుహలో చెక్కించిన ఒక శాసనం చదివితే వేరే రంగు కనపడుతుంది. త్రిరశ్మి కొండ మీది బౌద్ధ సన్యాసులకు 200 నివర్తనాల పొలం ఇస్తూ షరతులు రాయించాడు: రాజభటులు అందులో అడుగు పెట్టరాదు, దాన్ని ఎవరూ ముట్టరాదు, ఉప్పు కోసం తవ్వరాదు, జిల్లా అధికారులు జోక్యం చేసుకోరాదు, అన్ని మినహాయింపులూ దానికి ఉంటాయి. పుస్తకంలోంచి చింపిన కాగితం లాంటిదే ఇది కూడా, రాతి మీద చెక్కారంతే. సన్యాసులు రాజ్యం ఎత్తుకుపోరు, నిజమే. కాని రాజు తన భూమిలోకి తానే రానని రాసిచ్చే పద్ధతి మొదలైంది. ఒకసారి మొదలయ్యాక దాన్ని అడిగేవాళ్లందరూ సన్యాసులే కారు.

ఆదోని, బళ్ళారి ప్రాంతంలోని మ్యాకదోని శాసనం శాతవాహనుల చివరి రోజులది. అందులో పులుమావి పేరుంది, ఆయన ఏలుబడిలో 8వ ఏడని ఉంది. రాజు పని అక్కడితో సరి. ఆ జనపదం మహాసేనాపతి ఖందనాగుడిది. అందులోని ఊరు గుమిక కుమారదత్తుడిది. ఊళ్లో చెరువు తవ్వించింది ఒక గృహపతి. నా దృష్టిలో శాతవాహన రాజ్యం అంతం ఏ యుద్ధంలోనో కాదు, ఈ నలుగురి వరసలో ఉంది. రాజు తేదీ వేయడానికి మాత్రమే మిగిలాడు. ఆ తర్వాత కృష్ణా తీరంలో విజయపురిని రాజధాని చేసుకుని అశ్వమేధం చేసిన ఇక్ష్వాకు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు ఎక్కడో పుట్టుకొచ్చినవాడు కాడు. శాతవాహనుల కింద పనిచేసిన వంశంవాడే. ఆయన సోదరి చాంతిసిరి ఒక మహాతలవరుడి భార్య. ఇప్పుడు సాగర్ నీళ్ల మధ్యనున్న నాగార్జునకొండ మహాచైత్యానికి పెద్ద దాత ఆమే.

తర్వాతి కథ ఇంకా తేటగా ఉంటుంది. 642లో పల్లవ నరసింహవర్మ బాదామి చాళుక్యుల రాజధాని వాతాపిని పట్టుకున్నాడు. రాజు పులకేశి పోయాడు, వాతాపి పోయింది. పదమూడేళ్లు తిరిగేసరికి విక్రమాదిత్యుడు అంతా నిలబెట్టాడు. మరో నూరేళ్లకు, 753 ప్రాంతంలో, సామంతుడు దంతిదుర్గుడు లేచాడు. ఈసారి చాళుక్యులు లేవలేదు. దంతిదుర్గుడి వంశం రాష్ట్రకూటులు. వాళ్ల రాజధాని మాన్యఖేటం, నిజాం కాలంలో మన హైదరాబాద్ రాజ్యంలోనే ఉన్న మాల్ఖేడ్. 972లో పరమార సీయకుడు దాన్ని దోచాడు, ఆ పరమారులూ ఒకప్పుడు రాష్ట్రకూటుల సామంతులే. దోపిడీ నుంచి కోలుకునే వీలు ఉండేదేమో, ఒక్క ఏడాదిలోనే, 973లో, తైలపుడు అసలుకే ఎసరు పెట్టాడు. ఆ తైలపుడికి తర్దవాడి నాడును జీవనాధారంగా ఇచ్చింది రాష్ట్రకూట మూడో కృష్ణుడే. తైలపుడి మనవడు జయసింహుడి రాజధానుల్లో ఒకటి పొట్టలకెరె, అదే మన పటాన్‌చెరు అని చరిత్రకారులు అంటారు. ఎర్రగడ్డ నుంచి ముంబై రోడ్డు మీద తిన్నగా వెళ్తే తగులుతుంది. తైలపుడి వంశమైన ఆ కల్యాణి చాళుక్యుల్ని ముందు వాళ్ల సామంతుడు బిజ్జలుడు కిందికి లాగాడు, తర్వాత మిగతా సామంతులు పంచుకున్నారు. 1163లో హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో స్వతంత్రుడిగా నిలబడ్డ కాకతీయ రుద్రదేవుడు వాళ్లలో ఒకడు. ఆయన తండ్రి ప్రోలుడు చాళుక్యుల నమ్మినబంటు.

ఇదేదో మన నేలకే పట్టిన చీడ అనుకోనక్కర్లేదు. బాగ్దాదులో హరూన్ అల్ రషీద్ 800లో ఆఫ్రికాలోని ఇఫ్రికియా రాష్ట్రాన్ని ఇబ్రాహీం ఇబ్న్ అల్ అఘ్లబ్‌కు అప్పగించాడు. ఏడాదికి 40,000 దీనార్లు కట్టాలి, మిగతాది ఆయన ఇష్టం. అచ్చం ఆదివారం గుత్తే. అఘ్లబ్ వంశం నూరేళ్లకు పైగా అక్కడ తన ఇష్టప్రకారం ఏలింది. రోమ్ చివరి పశ్చిమ చక్రవర్తిని 476లో దించిన ఒడోఅసర్ బయటి దండు నాయకుడేం కాదు, రోమ్ జీతం తిన్న సైన్యంవాడే.

వీళ్లను సామంత ద్రోహులు అనేవాళ్లుంటారు. నాకు ఆ మాట నచ్చదు. ఎడ్లబండి మీద రోజుకు కొద్ది క్రోసులే నడిచే కాలంలో, గోదావరి అవతలి ఊరి పన్ను కోసం రాజు తానే వెళ్లలేడు. జీతమివ్వడానికి చాలినంత నాణెం లేదు, భూమి ఉంది. ఇస్తే రాజ్యం పెరుగుతుంది, ఇవ్వకపోతే పెరగనే పెరగదు. కాబట్టి తాత తెలివితక్కువవాడు అనే నీతి నేను చెప్పను. గుత్త ఇచ్చినందువల్లే అంగడి అంత పెద్దదైంది. పెద్దదైనందువల్లే గుత్త ఇవ్వాల్సి వచ్చింది. తప్పు ఎక్కడైనా ఉంటే పెళ్లి ఖర్చు కోసం రాసిచ్చిన ఆ మూడు మాటల్లో ఉంది. లెక్క తగ్గించుకోవడం వేరు, అడిగే హక్కు అమ్ముకోవడం వేరు.

ఈ నీతికి లొంగని ఉదాహరణ కూడా ఇక్కడే ఉంది, దాచడం న్యాయం కాదు. 1323లో కాకతీయుల ఓరుగల్లు ఢిల్లీ నుంచి వచ్చిన ఉలుఘ్ ఖాన్ దండుకు పడింది. ఇది నిజంగా బయటి దెబ్బే. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మద ఒడ్డున పోయాడు. రాజు లేడు, రాజధాని లేదు. అప్పుడు నేలను నిలబెట్టింది ఎవరు? నాయంకరం అనే పద్ధతి కింద భూములు అనుభవించిన నాయకులే. ముసునూరి ప్రోలయనాయకుడు, తర్వాత కాపయనాయకుడు. 1336 ప్రాంతంలో కాపయ ఓరుగల్లును తిరిగి పట్టుకున్నాడు. అక్కడి నుంచి తప్పించుకుని ఢిల్లీకి పారిపోయిన మాలిక్ మక్బూల్ కూడా తెలుగు నేలవాడే, ఆ తర్వాత ఫిరోజ్ షా దగ్గర వజీరయ్యాడు. ఇది చూస్తే, దిక్కులు పంచుకున్నవాళ్లే ఒక్కోసారి తాతకు కొత్త కుర్చీ వేస్తారు కూడా. కాకతీయుల విషయంలో కుర్చీలో కూర్చోడానికి తాత మిగల్లేదు, అంతే.

తర్వాత వచ్చినవాళ్లు మాత్రం ఏం నేర్చుకున్నారు? బహమనీల కింద తెలంగాణ తరఫ్‌దారుగా ఉన్న సుల్తాన్ కులీ 1518 ప్రాంతంలో గోల్కొండలో తానే సుల్తానయ్యాడు. మొగలుల సుబేదారు నిజాముల్ ముల్క్ 1724లో షకర్ ఖేడాలో గెలిచి దక్కనును తనది చేసుకున్నాడు, అయినా చక్రవర్తి పేరున నాణేలు కొట్టించడం మానలేదు. ఆయన వారసులు 1858 దాకా అలాగే ఢిల్లీ పేరు వేస్తూ వచ్చారు, అప్పటికి ఢిల్లీలో ఏలుబడి అనదగ్గది ఎప్పుడో పోయింది.

రాజుల పేర్లు పట్టుకుని చూస్తే ఇదంతా పతనాల వరసే. గుత్తదారు వైపు నుంచి చూస్తే మరోలా ఉంటుంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కిన పాలంపేట రామప్ప గుడి కాకతీయ గణపతిదేవుడు కట్టించింది కాదు. 1213లో ఆయన సామంతుడు రేచర్ల రుద్రుడు కట్టించాడు. గుడి దగ్గరున్న చెరువుదీ అదే కాలం. రుద్రుడు గణపతికి లెక్క చూపించాడో లేదో తెలియదు కాని, ఆ చెరువు కింద ఇప్పటికీ వరి పండుతోంది.